సైగల దుబాసీలు

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, "ఏంటి కొరుకుతున్నావు?" అని అడిగాడట. ఈ సామెత మనందరం వాడేదే. నేనైతే డిజైన్ డాక్యుమెంటు చదవకుండా కాల్‌కి వచ్చే క్లయింట్ల గురించి బోలెడుసార్లు వాడాను. కానీ ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే, ఇందులో తెలివితక్కువవాడు ఎవరు? ఆ పెద్దమనిషి తన కళ్ళకి కనిపించినదాన్ని బట్టి సరైన ప్రశ్నే అడిగాడు. వినపడదని తెలిసీ ఊదినవాడు కదా ఆలోచించుకోవాల్సింది!

ఈ జ్ఞానోదయం నాకు ఊరికే కలగలేదు. ఒకతనికి అన్యాయం చేశాక కలిగింది. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత చరిత్రలోకి వెళ్తాను.

ఇదివరకు నేను పనిచేసిన ఒక టీములో ఒక టెస్టర్ ఉండేవాడు. పుట్టుకతోనే వినపడదు. పని విషయంలో మాత్రం రాక్షసుడు. అతను పట్టుకున్న బగ్గుని "ఇది బగ్గు కాదు, ఫీచరు" అని తప్పించుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. మీటింగుల్లో నేను అతని పక్కన కూర్చుని, చాట్‌లో ముక్కలు ముక్కలుగా టైప్ చేసి చెప్పేవాణ్ణి. అందరూ నవ్వితే "ఎందుకు నవ్వారు?" అని అడిగేవాడు. "ఏం లేదులే, తర్వాత చెప్తా" అనేవాణ్ణి. ఆ తర్వాత అనేది ఎప్పుడూ వచ్చేది కాదు.

ఆ ఉత్సాహంలోనే ఒకచోట వారాంతపు సంకేత భాష క్లాసుల్లో చేరాను. ఓ పది వారాలు వెళ్ళాను. ఆఫీసులో నాకు పెద్ద పేరొచ్చేసింది. ఎంతలా అంటే, అప్రైజల్ మీటింగుకి మేనేజరు గారు నన్ను కూడా పిలిచారు, "నీకు వచ్చుగా, కాస్త చెప్పు" అని.

మేనేజరు అరగంట మాట్లాడారు. పని బాగుంది కానీ కమ్యూనికేషన్ సరిపోదట, అందుకని రేటింగు తగ్గిందట, ప్రమోషను ఈసారి లేదట. నాకు ఆ మాటలు చెప్పడానికి చేతులు రాలేదు. సగం సైగలు తెలియవు, సగం చెప్పబుద్ధి కాలేదు. "బాగా చేస్తున్నావు, వచ్చే ఏడాది చూద్దాం అంటున్నారు" అని సైగ చేశాను. అతను ఏదో అడిగాడు, నాకు పూర్తిగా అర్థం కాలేదు. మేనేజరు "ఏమంటున్నాడు?" అన్నారు. "ఓకే అంటున్నాడండీ" అన్నాను.

రెండు వారాలకి లెటరు వచ్చింది. అతను చాట్‌లో ఒకే ఒక్క ముక్క పంపాడు: "ఆరోజు నువ్వు నాకు చెప్పింది ఇది కాదు."

అతని తరఫున వాదించుకునే ఒకే ఒక్క అవకాశాన్ని నేనే నా చేతులతో, అక్షరాలా నా చేతులతో, తీసేశాను. పైగా సాయం చేశానన్న తృప్తితో ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను కూడా.

అసలు నేను చేసిన తప్పేంటి అని వెతకడం మొదలుపెడితే, సంకేత భాష ఇంటర్‌ప్రెటర్ల శిక్షణ చరిత్ర దొరికింది. చదువుతుంటే ముఖం చెల్లలేదు. ఎందుకంటే ఆ చరిత్ర అంతా, నేను చేసిన పనిని మాన్పించడానికి మనుషులు పడిన పాట్ల చరిత్రే!

ఒక భాష నుంచి ఇంకో భాషకి మాట చేరవేసే మనిషి మనకి కొత్త కాదు. దుబాసీ అని మంచి మాట ఉంది, ద్విభాషి నుంచి వచ్చింది. కంపెనీ రోజుల్లో దుబాసీలంటే మామూలు మనుషులు కాదు. కల్నల్ మెకంజీ కైఫీయతులు పోగుచేశాడంటే, ఆ పని వెనక ఏలూరు నుంచి వెళ్ళిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య లాంటి వాళ్ళున్నారు. దుబాసీకి జీతముండేది, హోదా ఉండేది. మరి బధిరులకి దుబాసీ ఎందుకు లేడు? కారణం చాలా సింపుల్. సైగలు ఒక భాష అని ఎవరూ ఒప్పుకోలేదు. భాషే కాకపోతే దుబాసీ ఎందుకు?

నిజానికి 18వ శతాబ్దంలోనే పారిస్‌లో లెపే అనే మతాచార్యుడు బధిర పిల్లలకి సైగలతో బడి నడిపాడు. అదే బడిలో చదివి అక్కడే పాఠాలు చెప్పిన లారెంట్ క్లెర్క్ అనే బధిరుడు, థామస్ గాలడెట్‌తో కలిసి అమెరికా వెళ్ళి 1817లో హార్ట్‌ఫర్డ్‌లో బడి పెట్టాడు. అందుకే అమెరికన్ సంకేత భాషకి బ్రిటిష్ సంకేత భాషతో కన్నా ఫ్రెంచి సంకేత భాషతో చుట్టరికం ఎక్కువ. ఇంగ్లీషు మాట్లాడే రెండు దేశాల బధిరులు ఒకరి సైగలు ఒకరికి అర్థంకాక తికమకపడతారు. ప్రపంచమంతా ఒకటే సైగల భాష అనుకునేవాళ్ళు (క్లాసులకి వెళ్ళకముందు నేను కూడా) ఇది గమనించాలి.

అంతా బాగానే ఉంది అనుకునేసరికి 1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిర విద్య మీద ఒక అంతర్జాతీయ సభ జరిగింది. సైగలు వద్దు, పిల్లల చేత మాట్లాడించడమే సరైన పద్ధతి అని తీర్మానించారు. దాదాపు 160 మంది ప్రతినిధుల్లో బధిరుడు ఒకే ఒక్కడు! యూజర్లని ఒక్కమాట అడక్కుండా రిక్వైర్‌మెంట్లు ఖరారు చేయడం మన పరిశ్రమ కనిపెట్టిన విద్య కాదన్నమాట. ఆ దెబ్బతో ఐరోపాలోను, అమెరికాలోను చాలా బడుల్లో సైగలు నిషేధం. బధిర టీచర్ల ఉద్యోగాలు పోయాయి. మనదేశంలో తొలి బధిర పాఠశాలలు బొంబాయిలో 1880లలో, కలకత్తాలో 1893లో వచ్చాయి. అంటే సరిగ్గా ఈ గాలి వీస్తున్న రోజుల్లోనే అన్నమాట. ఇక్కడా మాట్లాడించే పద్ధతే రాజ్యమేలింది. పిల్లలు మాత్రం హాస్టళ్ళలో, ఆటస్థలాల్లో, టీచరు అటు తిరిగినప్పుడల్లా, సైగలు చేసుకుంటూనే ఉన్నారు. భాష బతికింది అలాగే. (ఆ తీర్మానాలు తప్పని, వాటివల్ల జరిగిన నష్టానికి చింతిస్తున్నామని అదే సభ వారసులు 2010లో వాంకూవర్‌లో ప్రకటించారు. 130 ఏళ్ళు పట్టింది.)

మరి ఇన్నాళ్ళూ బధిరులకి డాక్టరు మాట, బ్యాంకు మాట, కోర్టు మాట ఎవరు చెప్పారు? ఇంట్లోవాళ్ళు. చర్చి ఫాదర్లు. బడి టీచర్లు. అందరికన్నా ఎక్కువగా, బధిర తల్లిదండ్రులకి పుట్టిన వినగలిగే పిల్లలు. వీళ్ళని కోడా అంటారు (కోడింగుకి సంబంధం లేదు లెండి). ఏడెనిమిదేళ్ళ పిల్ల, నాన్న రిపోర్టు చూసి డాక్టరు చెప్పేది నాన్నకి చెప్పాలి. ఆ పిల్ల ఏం చేస్తుంది? భయపెట్టే మాట మింగేస్తుంది. మెత్తగా మార్చేస్తుంది. సరిగ్గా నేను అప్రైజల్లో చేసినట్టే. తేడా ఏంటంటే ఆ పిల్లకి ఏడేళ్ళు, నాకు ఇరవయ్యేడు.

వీళ్ళెవరికీ శిక్షణ లేదు, డబ్బులు లేవు. అదంతా సాయం కింద లెక్క. సాయంతో వచ్చిన చిక్కేంటంటే, సాయం చేసేవాణ్ణి తప్పు పట్టడానికి ఉండదు. వాడికి కుదిరినప్పుడే మనకి డాక్టరు. వాడు చెప్పిందే మనకి వేదం.

మార్పు 1960లో మొదలైంది. వాషింగ్టన్‌లోని గాలడెట్ కాలేజీలో విలియం స్టోకీ అనే ఇంగ్లీషు ప్రొఫెసరు ఉండేవాడు. బధిరుడు కాదు, ఆ కాలేజీలో చేరేదాకా సైగలు కూడా రావు. ఆయన తన విద్యార్థుల సైగల్ని భాషాశాస్త్రం కళ్ళతో చూశాడు. మాటల్లో శబ్దాలున్నట్టే ప్రతి సైగకీ విడివిడి భాగాలున్నాయి: చేతి ఆకారం, చెయ్యి ఉన్న చోటు, కదలిక. ఒక్క భాగం మారితే అర్థం మారిపోతుంది. అంటే ఇది మూకాభినయం కాదు, పూర్తిస్థాయి భాష. 1960లో ఇది ప్రచురిస్తే మొదట ఆయన కాలేజీలోనే చాలామంది నవ్వారు.

భాష అని తేలాక దుబాసీ తప్పదు కదా. 1964 జూన్‌లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, మన్సీ అనే ఊళ్ళో బాల్ స్టేట్ టీచర్స్ కాలేజీలో ఒక వర్క్‌షాపు జరిగింది. ఇంటర్‌ప్రెటింగ్ చేసేవాళ్ళూ, బధిరులూ కలిసి కూర్చుని, అసలు ఈ పని చేయగలవాళ్ళెవరు, వాళ్ళకి ఏం రావాలి అని చర్చించుకున్నారు. అక్కడ పుట్టిందే తర్వాతి రోజుల్లో ఆర్‌ఐడీ అని పేరుపడ్డ ఇంటర్‌ప్రెటర్ల రిజిస్ట్రీ. మరుసటి ఏడాది వాళ్ళు నియమావళి రాసుకున్నారు. దాని సారం ఇది. విన్నది బయటికి పొక్కనివ్వకు. ఎవరి పక్షమూ వహించకు. చెప్పినదాన్ని చెప్పినట్టు, ఆ మనిషి ఉద్దేశంతో సహా చేరవేయి. నీ సలహాలు నీ దగ్గరే ఉంచుకో. నీకు చేతకాని పని ఒప్పుకోకు.

అప్రైజల్ గదిలో ఈ నియమాల్లో ఎన్ని తప్పానో లెక్కేసుకున్నాను. పొక్కనివ్వకపోవడం ఒక్కటే మిగిలింది. అదీ ఇప్పుడు మీకు చెప్పేశాను. అతని అనుమతి తీసుకునే లెండి.

తర్వాత చట్టాలొచ్చాయి. ప్రభుత్వ నిధులు తీసుకునే సంస్థలు వికలాంగుల పట్ల వివక్ష చూపకూడదని 1973లో ఒకటి, బధిర పిల్లలు మామూలు బడుల్లోకి రావడానికి దారితీసింది 1975లో ఇంకొకటి, అందరికీ తెలిసిన ఏడీఏ 1990లో. ఒక్కసారిగా ఇంటర్‌ప్రెటర్లు కావాల్సొచ్చారు. మనుషులు లేరు. మన వైటూకే రోజుల్లో కోబాల్ వచ్చినవాడికల్లా వీసా ఇచ్చినట్టు, సైగలు వచ్చినవాళ్ళందరినీ పట్టుకొచ్చారు. 1974లో ఆరు విద్యాసంస్థలు కలిసి ఫెడరల్ నిధులతో ఒక శిక్షణ కూటమి పెట్టాయి. మొదట్లో నెలల్లో ముగిసే కోర్సులే. తర్వాత రెండేళ్ళ కోర్సులు, ఆ తర్వాత డిగ్రీలు వచ్చాయి. 2012 నుంచి వినగలిగే అభ్యర్థులు ఆర్‌ఐడీ సర్టిఫికేషను పరీక్ష రాయాలంటే బ్యాచిలర్స్ డిగ్రీ తప్పనిసరి చేశారు.

ఎందుకింత చదువు? రెండు భాషలు వస్తే చాలదా? ఇక్కడే అసలు విషయం ఉంది. రెండు భాషలు రావడం ఈ శిక్షణకి ఎంట్రన్సు పరీక్ష లాంటిది మాత్రమే. ముందు ఒక భాషలో విన్నది అదే భాషలో వేరే మాటల్లో చెప్పడం నేర్పుతారు. తర్వాత విని, ఆగాక రెండో భాషలో చెప్పడం. ఆ తర్వాత అవతలివాడు ఆగకుండా మాట్లాడుతుంటే ఒకటి రెండు వాక్యాల వెనక నడుస్తూ చెప్పడం. అంటే ఒక వాక్యం వింటూ, ఇంకోటి మెదడులో తిప్పుతూ, మూడోది చేతులతో చెబుతూ ఉండాలి. ఇది ఎక్కువసేపు చేస్తే మనిషి అలసిపోయి తనకి తెలియకుండానే తప్పులు చేస్తాడు. అందుకే పెద్ద మీటింగులకి ఇద్దరు వస్తారు, దాదాపు ఇరవై నిమిషాలకోసారి మారతారు. ఇద్దరు ఎందుకని మన హెచ్ఆర్ వాళ్ళు బేరమాడుతుంటారే, అందుకు!

ఇంకా గొప్ప సంగతి ఏంటంటే, ఇంటర్‌ప్రెటర్ అంటే ఎవరు అన్న ఊహే ఈ అరవై ఏళ్ళలో మారుతూ వచ్చింది. మొదట సాయం చేసేవాడు. దానికి విరుగుడుగా 1970లలో, "నువ్వొక పైపువి, అటు పోసింది ఇటు రావాలి, అంతే" అన్నారు. మనకి బాగా నచ్చే మోడల్. కానీ మనుషుల మాట నెట్‌వర్క్ ప్యాకెట్టు కాదు. 1989లో సింథియా రాయ్ అనే పరిశోధకురాలు ఒక ప్రొఫెసరు, ఒక బధిర విద్యార్థి, ఒక ఇంటర్‌ప్రెటరు మధ్య జరిగిన మీటింగు వీడియోని ఇంచించీ పరిశీలించింది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే ముందు ఎవరి మాట చేరవేయాలో ఇంటర్‌ప్రెటరే నిర్ణయించాల్సొస్తోంది. అంటే పైపు కాదు, ఆ గదిలో మూడో మనిషి. ఆ మూడో మనిషి తన ఇష్టాయిష్టాలు పక్కనపెట్టి, బాధ్యతతో నిర్ణయాలు తీసుకోవాలి. పది వారాంతాల్లో వచ్చే విద్య కాదు.

శిక్షణ లేకపోతే ఏమవుతుందో 2013 డిసెంబరు 10న ప్రపంచమంతా చూసింది. జొహానెస్‌బర్గ్‌లో మండేలా సంస్మరణ సభ. ఒబామా పక్కన నిలబడి ఒకాయన గంటలకొద్దీ చేతులు ఊపాడు. అవి ఏ భాషా కాదు. స్టేడియంలో వినగలిగే వేలమందికి ఏ అనుమానమూ రాలేదు. దక్షిణాఫ్రికా పార్లమెంటులో బధిర సభ్యురాలు విల్మా న్యూహౌట్-డ్రూచెన్ లాంటి వాళ్ళు వెంటనే ట్విట్టర్లో గగ్గోలు పెట్టారు. ఇందులో నీతి ఏంటంటే, ఇంటర్‌ప్రెటర్ బాగా చేస్తున్నాడో లేదో వినగలిగేవాళ్ళకి తెలియదు. నన్ను ఆఫీసులో మెచ్చుకున్నవాళ్ళందరూ వినగలిగేవాళ్ళే!

ఇక మన దేశం సంగతి. 1977లో మదన్ వశిష్ఠ, జేమ్స్ వుడ్‌వర్డ్, కిర్క్ విల్సన్ ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగుళూరుల్లో తిరిగి బధిరుల సైగలు సేకరించారు. వశిష్ఠ హిమాచల్‌లోని పల్లెటూళ్ళో పుట్టి, పదకొండేళ్ళకి వినికిడి పోగొట్టుకుని, తర్వాత గాలడెట్‌లో చదివిన మనిషి. వాళ్ళు తేల్చింది ఏంటంటే, పదాల్లో ప్రాంతానికో తేడా ఉన్నా వ్యాకరణం ఒకటే, ఇది ఒకే భాష. హిందీకో తెలుగుకో చేతి అనువాదం కాదు, దాని దారి దానిది. కానీ మనకో వెసులుబాటు ఉంది. మన సంకేత భాషలో ప్రశ్నపదం వాక్యం చివర వస్తుంది. "నీ ఊరు ఎక్కడ" అని అదే వరసలో అడగొచ్చు. ఇంగ్లీషువాడిలా ప్రశ్నని ముందుకి లాక్కురానక్కర్లేదు. మా క్లాసులో బధిర టీచరు ఇది చెప్పినప్పుడు భలే ముచ్చటేసింది.

1983లో బొంబాయిలో కేంద్ర ప్రభుత్వం బధిరుల కోసం జాతీయ సంస్థ పెట్టి, దానికి అలీ యావర్ జంగ్ పేరు పెట్టింది. ఈయన మన హైదరాబాదాయనే. ఉస్మానియా వైస్ ఛాన్సలరుగా చేసి, మహారాష్ట్ర గవర్నరుగా ఉంటూ 1976లో పోయారు. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఉంది. అటువైపు ఎన్నోసార్లు బండి మీద వెళ్ళాను, ఒక్కసారీ బోర్డు చదవలేదు. ముంబై సంస్థలో సంకేత భాష విభాగం 2001లో మొదలైంది. అక్కడి నుంచే మన దగ్గర ఇంటర్‌ప్రెటర్ల శిక్షణ ఒక పద్ధతిలో పడింది. భాష నేర్పేవాళ్ళు బధిరులే అయ్యుండాలన్న ఆలోచన కూడా అప్పుడే బలపడింది.

తర్వాత కథ మన ప్రభుత్వ ప్రాజెక్టుల కథలాగే నడిచింది. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మనం 2007లో ఆమోదించాం. 2011లో ఢిల్లీలోని ఇగ్నోలో సంకేత భాష పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టారు. 2013లో మూసేశారు! బధిరులు రోడ్డెక్కారు, ధర్నాలు చేశారు. 2015 సెప్టెంబరులో అది స్వతంత్ర సంస్థగా మళ్ళీ వచ్చింది. సంకేత భాష ప్రస్తావనతో వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ఆ కేంద్రం తయారుచేసిన నిఘంటువు 2018లో 3000 పదాలతో మొదలై 2021కి 10000 పదాలకి చేరింది. ఇప్పుడు ఇంటర్ పాసైనవాళ్ళకి సంకేత భాష ఇంటర్‌ప్రెటేషన్‌లో రెండేళ్ళ డిప్లొమా ఉంది. భాష నేర్పే టీచరు డిప్లొమా ప్రత్యేకంగా బధిరుల కోసం ఉంది. అన్నిటికన్నా నాకు నచ్చిన ఘట్టం 2023 సెప్టెంబరులో జరిగింది. సారా సన్నీ అనే బధిర న్యాయవాది ఇంటర్‌ప్రెటర్ సాయంతో సుప్రీంకోర్టులో విచారణలో పాల్గొన్నారు. మిలాన్ సభ పెద్దలు చూసి ఉంటే బాగుండేది.

కానీ లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం మనదేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్ళు 50 లక్షల పైమాటే. ఇన్ని లక్షలమందికి రెండేళ్ళ డిప్లొమా చదివి వచ్చేవాళ్ళు ఏ మూలకి? అందుకే ఇప్పటికీ ఆసుపత్రిలో చెల్లెలు, పోలీస్ స్టేషన్లో పక్కింటాయన, అప్రైజల్లో నాలాంటివాడు.

ఫర్ లూపు రాయడానికి మనకి నాలుగేళ్ళ బీటెక్, ఆపైన అమీర్‌పేటలో మూడు నెలలు, ఆపైన కంపెనీలో ట్రైనింగు కావాలి. ఒక మనిషి ఉద్యోగం, ఆరోగ్యం, కేసు ఆధారపడిన మాటలు మోయడానికి మాత్రం "నీకు వచ్చుగా, కాస్త చెప్పు" చాలు!

ఇంతకీ అతనేమయ్యాడు? నేను వెళ్ళి జరిగిందంతా చెప్పాను, సైగల్లో కాదు, తప్పు దొర్లకుండా టైప్ చేసి. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "క్లాసులు మానకు. కానీ నా తరఫున మాట్లాడకు" అని టైప్ చేశాడు. ఆ ఏడాది రేటింగు మారలేదు. అది నా ఖాతాలోనే ఉంది.

నాలుగైదు నెలలు వెంటపడితే, ఒక పెద్ద రివ్యూకి వీడియోలో శిక్షణ పొందిన ఇంటర్‌ప్రెటర్ని పెట్టారు. మొదటి పది నిమిషాల్లోనే మావాడు ఆర్కిటెక్టు గారి డిజైన్‌లో మూడు తప్పులు ఎత్తిచూపి, మధ్యలో ఒక జోకు కూడా వేశాడు. అందరూ నవ్వారు. ఈసారి ఎందుకు నవ్వారో అతనికి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. అతని కమ్యూనికేషన్ సరిపోదని రాసిన మేనేజరు గారు, "ఇంత మాట్లాడతాడని తెలీదే!" అన్నారు నాతో.

"నాతో కాదండీ, అతనితో అనండి. ఆవిడ చెప్తారు," అన్నాను.